దిక్కులు లెక్కపెట్టిన ఇత్తడి పెట్టె

నేను ఒక ఇత్తడి పెట్టెను. చూడటానికి వక్కల పెట్టెకన్నా కాస్త పెద్దగా ఉంటాను గానీ, నా ఉద్యోగం ఎలక్ట్రాన్లను పట్టి లెక్కపెట్టడం. విశాఖలో ఒక విశ్వవిద్యాలయం వర్క్‌షాపులో పుట్టాను. గాలి తోడేసిన పెద్ద స్టీలు డ్రమ్ములో, తిరిగే పళ్ళెం మీద నన్ను కూర్చోబెట్టారు.

డ్రమ్ము మధ్యలోకి సన్నటి గొట్టంలోంచి నైట్రోజన్ వస్తుంది. దాని మీదికి ఎలక్ట్రాన్ల ధార వదులుతారు. దెబ్బకు అణువు లోపలి ఎలక్ట్రాన్ ఒకటి ఎగిరిపోతుంది. ఖాళీ అయిన చోటికి పైవరసది దిగుతుంది. దిగుతూ, మిగిలిన శక్తితో ఇంకొకదాన్ని బయటికి గెంటేస్తుంది. అలా గెంటించుకున్నదే ఓజే ఎలక్ట్రాన్. ఒకరు కుర్చీలోకి జరిగితే ఇంకొకరు గుమ్మం బయట పడటం మీ ఆఫీసుల్లోనూ ఉన్నదే. అది ఏ దిక్కుకు ఎక్కువగా పోతుందో ధార చుట్టూ తిరిగి చెప్పాల్సింది నేను.

నన్ను నడిపేది పరిశోధక విద్యార్థిని హైమవతి. ఆ ఓజే ఎలక్ట్రాన్లు అన్ని దిక్కులకూ సమానంగానే పోతాయని పెద్దలు అనేవారు. నైట్రోజన్ అణువు చిన్న పుల్లలాంటిది కదా, దెబ్బ తగిలినప్పుడు తాను ఎటు తిరిగి ఉందో ఎందుకు మరచిపోవాలి అని హైమ వాదన. ఆమె డాక్టరేటు మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడింది.

ఆమె గురువు వీరభద్రం గారికి ఇనుమంటే పడదు. అయస్కాంతం పట్టిన ఇనుము దగ్గరుంటే ఎలక్ట్రాన్లు దారి తప్పుతాయి మరి. అందుకని గుమ్మం దగ్గర ఒక ప్లాస్టిక్ పళ్ళెం పెట్టించారు. తాళాలూ జడపిన్నులూ అందులో వేశాకే లోపలికి రావాలి. ఒకసారి ఆయన భార్య వచ్చి, చీరకున్న పిన్నీసులు తీయలేక బయటినుంచే మాట్లాడి వెళ్ళిపోయింది.

అంత పకడ్బందీగా ఉన్నా, ఆ దసరా తరవాత నా బతుకు చెడింది. ధారకు రెండు పక్కలా ఒకేలా రావాల్సిన లెక్క, ఎడమన ఎక్కువ, కుడిన తక్కువ వచ్చింది. హైమ నన్ను విప్పింది, తుడిచింది, మళ్ళీ బిగించింది. నాలో లోపం లేదని చెప్పుకోవడానికి నాకు నోరేదీ? పరీక్షకుడిగా వచ్చిన పెద్దమనిషి గ్రాఫు చూసి పెదవి విరిచాడు. అణువుకు జ్ఞాపకమూ లేదు, పాడూ లేదు, లోపమంతా పెట్టెదే అన్నాడు. నన్ను తుక్కుకు వేయమని సుద్దతో ఇంటూ గుర్తు పెట్టారు. నిజంగా ఏడుపొచ్చింది. నేను తుక్కుబండి ఎక్కితే హైమ కష్టమంతా నాతోపాటే ఎక్కుతుంది.

చివరిసారిగా కొలుస్తానని ఆమె బతిమాలి గడువు తెచ్చుకుంది. దసరాకు ముందు బాగున్న పెట్టెకు ఇప్పుడేం వచ్చిందని ఆలోచించి, దిక్సూచి ఒకటి పట్టుకొచ్చి డ్రమ్ము చుట్టూ తిప్పింది. డ్రమ్ము కింది బల్ల ఎడమకాలి దగ్గర ముల్లు గిర్రున తిరిగింది. వంగి చూస్తే పసుపుగుడ్డలో మూట కట్టిన గుర్రపునాడా!

వీరభద్రం గారు వంగి ఆ ముడి తానే విప్పారు.

“ఆయుధపూజనాడు నేనే కట్టానమ్మా. గాలి తోడే పంపు మాటిమాటికీ కాలిపోతోంది కదా, దిష్టి తగలకుండా ఉంటుందని. అదీ ఇనుమేనన్న ఆలోచనే రాలేదు.”

“పంపు సంగతేమో గానీ సార్, దీని దిష్టి మన ఎలక్ట్రాన్లకు తగిలింది,” అంది హైమ.

భార్య పిన్నీసును ఆపిన మనిషే నాడాను తన చేత్తో లోపలికి తెచ్చాడు. దిష్టి మూటలో ఉన్నంతసేపూ అది ఆయన కంటికి ఇనుము కాదు. మనుషులంటే నాకు ముచ్చటేసేది ఇలాంటప్పుడే.

నాడా వెళ్ళి గుమ్మం దగ్గరి పళ్ళెంలో పడింది. నేను మళ్ళీ తిరిగాను. ఈసారి కుడీ ఎడమా అచ్చుగుద్దినట్టు ఒకటే. అయినా ధార వెంట వచ్చిన లెక్కకూ, అడ్డంగా వచ్చిన లెక్కకూ మధ్య మొదటినుంచీ వస్తున్న తేడా మాత్రం చెక్కుచెదరలేదు. అంటే అవి అన్ని దిక్కులకూ సమానంగా పోవడం లేదు, అణువు మరచిపోలేదు! పరీక్షకుడు నమ్మక, తానే నన్ను తిప్పి చూసుకున్నాడు. ఆయన చేతిలోనూ నేను అదే చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి, “పెట్టె సరైనదే. నేనే తొందరపడ్డాను, డాక్టర్ హైమవతి గారూ,” అన్నాడు. వీరభద్రం గారు తన జేబురుమాలుతో నా మీది సుద్ద గీతలు తుడిచేశారు. ఆ క్షణాన నాకన్నా గర్వంగా ఉన్న లోహం భూమ్మీద మరొకటి లేదు.

ఇప్పుడు రిటైరై అద్దాల బీరువాలో ఉంటున్నాను. నా పక్కనే ఆ నాడాను కూడా పెట్టారు. ఇదెందుకని చూడవచ్చినవాళ్ళు అడిగితే వీరభద్రం గారే కథంతా చెబుతారు. తాను కట్టిన సంగతి గబగబా దాటేసి, హైమ పట్టుకున్న సంగతి దగ్గర మాత్రం తీరిగ్గా ఆగుతారు. ఆ తరవాత బీరువా తెరిచి నన్ను వాళ్ళ చేతికిస్తారు, నాడాను మాత్రం ఇవ్వరు.