ఎనిమిదో మనిషి

గురువారం ఉదయం ఐదూ నలభైకి ఫ్లోరా తలుపు పక్కనున్న బూట్లు ఎత్తి, లోపల పేరుకున్న మంచును చెంచాతో గీకి గిన్నెలో వేసింది. తర్వాత పాత గుడ్డతో తోలు తుడిచి, గోడ క్యాలెండర్‌లో ఆనాటి తేదీ కింద పెన్సిల్‌తో 'మంచు' అని రాసింది.

పక్కింటి సొన్నమ్మ గోడ మీది నుంచి తొంగి చూసింది.

"ఈ పొద్దు మంచే గదా?"

"మంచే."

"ఆ నీళ్లు ఇట్లియ్యి. కరివేపాకు చెట్టుకు పోస్తా. పురుగు పట్టదు."

అవి ఫ్లోరా తండ్రి ఆర్థర్ బూట్లు. ఛాంపియన్ రీఫ్ బంగారు గనిలో గ్యాంగ్ మేస్త్రీగా ఉన్నప్పుడు వేసుకున్నవి, పటాలంలో చేరేటప్పుడు ఇంట్లో వదిలి వెళ్లినవి. అరవై రెండు యుద్ధంలో, నవంబరులో, ఉత్తరాన ఒక సరిహద్దు పోస్టు దగ్గర ఆయన కనబడకుండా పోయాడు. మరుసటి వారం నుంచి బూట్లలో మంచు రావడం మొదలైంది. ఫ్లోరా అప్పటికి పుట్టలేదు. ముందు అమ్మ తుడిచింది, రాసింది. అమ్మ పోయాక ఫ్లోరా. ఆ వరస సంత రోజుల్లాగా వీధి మొత్తానికీ కంఠతా వచ్చు: ఒకరోజు మంచు, తర్వాత రాళ్లు, తర్వాత సూదుల్లాంటి ఆకులు, నాలుగోరోజు జలగలున్న గడ్డి, మళ్లీ ఆకులు, మళ్లీ రాళ్లు, మళ్లీ మంచు. అమ్మ పెట్టిన నియమం ఒక్కటే. తుడవచ్చు, కాళ్లు పెట్టకూడదు.

ఆ వారం ఊళ్లో ఎక్కడ విన్నా సినిమా మాటే. పేరు 'మంచు కాపలా'. ఆర్థర్ ఉన్న పోస్టు కథే. సగం షూటింగ్ పోయిన ఏడాది ఇక్కడి సయనైడ్ దిబ్బల మీదే, బంగారం తీసేశాక గని పారబోసిన ఇసుక గుట్టల మీదే, జరిగింది; తెల్లటి ఇసుక కెమెరాలో మంచులాగా కనిపిస్తుందట. ట్రైలర్‌లో ఒక సిపాయి తుపాకి పడేసి లోయలోకి పరిగెత్తుతాడు. నాలుగు సెకన్ల ఆ వేషం వేసింది ఫ్లోరా కొడుకు సెల్విన్. మాలూరులో విడిభాగాల ఫ్యాక్టరీలో పని, భార్య ప్రిన్సీతో అక్కడే అద్దె గది. ఆదివారాలు ఇంటికి వస్తాడు.

ఆ ఉదయం ఫ్లోరా పాలకు వెళ్లేసరికి టీ అంగడిలో పక్క వీధి నాగేశ్ ఫోను పట్టుకుని అదే చూపిస్తున్నాడు.

"తాత పరిగెత్తినాడు, మనవడు యాక్ట్ చేసినాడు. ఇంటి విద్య, ఇంగ రిహార్సల్ ఎందుకు?"

"ఊరుకో అప్పా. సినిమాలో పేరు ఆర్థర్ కాదు," అన్నాడు టీ పోస్తున్న మోహన్‌కుమార్.

"పేరు మారిస్తే కాళ్లు మారతాయా?"

ఫ్లోరా పాలు తీసుకుని, చిల్లర లెక్క చూసుకోకుండా వచ్చేసింది.

మరునాడు ఆమె రాబర్ట్‌సన్‌పేటలో శశికుమార్ ఇంటికి వెళ్లింది. ఆయన రిటైరైన చరిత్ర మాస్టారు, యుద్ధాల్లో పోయిన ఊరివాళ్ల పేర్లతో మైదానం దగ్గర నిలబెడుతున్న రాయికి కమిటీ కార్యదర్శి. సినిమా విడుదలయ్యే రోజునే, వచ్చే శుక్రవారం, రాయి ఆవిష్కరణ. పంతొమ్మిది పేర్లు చెక్కారు. అడుగున ఒక్క పేరుకు చోటు మిగిలింది.

మాస్టారి ముందు ఒక నోటుబుక్కు ఉంది. ట్రైలర్‌లో తప్పులు నంబర్లు వేసి రాసుకుంటున్నాడు. వైర్‌లెస్ సెట్టు తర్వాతి కాలంది. ఆఫీసరుకు ఆ రోజుల్లో మీసం లేదు. మూడో తప్పు చదవకుండా పుస్తకం మూశాడు.

"మా నాయన పేరు ఆ రాయి మీద ఉండాల సార్," అంది ఫ్లోరా.

"రికార్డు చూసినానమ్మా. పోస్టులో ఏడు మంది. వెనక్కి రమ్మని ఆర్డరు వస్తే ఆరుగురు పైకి ఎక్కినారు. ఏడోవాడు 'కిందికి దిగిపోయినాడు' అని ఆఫీసరు రాసినాడు. సినిమావాళ్లు నూరు తప్పులు చేసినారు, ఇది మాత్రం రికార్డు ప్రకారమే తీసినారు."

"బూట్ల సంగతి మీకు తెలీదా?"

"తెలుసు. పారిపోయేవాడి బూట్లకు కూడా బురద అంటుతుంది గదమ్మా."

ఆమె లేచింది. గుమ్మం దాటుతుంటే ఆయన అడిగాడు. "సెల్విన్ ఆ సీన్లో వేసుకున్న బూట్లు ఎవరివి? ముందు ఇనుప ముక్కు ఉండాది. అది గని బూటు. నా లిస్టులో మూడో తప్పు అదే."

ఫ్లోరా చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

ఆదివారం మాస్టారు తానే వచ్చాడు, బూట్లు చూసి తప్పు నిర్ధారించుకోడానికి. సెల్విన్ అన్నం తింటున్నాడు.

"సినిమాలో వేసుకున్నది అవేరా?" అని అడిగింది ఫ్లోరా.

"సినిమావాళ్ల బూట్లు నాకు పట్టలేదు మా. పదకొండో సైజు యాడా దొరకలే. ఒక్క పూటే." కంచంలోకి చూస్తూ అన్నాడు. "పదకొండు సార్లు తీసినారు. కిందికి పరిగెత్తమంటారు, పరిగెత్తుతా. సగానికి పోయి నిలబడిపోతా. వంగి దేనికోసమో చూస్తా, మళ్లీ పైకి ఎక్కుతా. డైరెక్టర్ తిట్టినాడు. కాళ్లు నా మాట వినలే. ఆఖరికి పరిగెత్తిన ముక్క మాత్రం కోసి పెట్టుకున్నారు."

మాస్టారు బూట్లు చేత్తో తిప్పి చూశాడు. అడుగున గడ్డిపోచ, దాని చివర ఒక సన్న జలగ. ఆయన దృష్టి గోడ మీది క్యాలెండర్‌కు వెళ్లింది.

"ఇది ఎన్నాళ్ల నుంచి రాస్తా ఉండారు?"

ఫ్లోరా మంచం కింది రేకు పెట్టె లాగింది. డెబ్బై ఒకటికి ముందువి చెదలు తిన్నాయి. మిగతావన్నీ ఉన్నాయి. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని నేల మీద కూర్చున్నాడు. సాయంత్రం నాలుగింటికి గాని లేవలేదు. ఎక్కడా వరస తప్పలేదు.

"మంచు కొండ పైన, జలగల గడ్డి లోయలో. దిగేది మూడు రోజులు, ఎక్కేది మూడు రోజులు," అన్నాడు. "పారిపోయినవాడు ఒక్కసారే దిగుతాడు. ఈయన ఎవరికోసం ఎక్కి దిగుతా ఉండాడు?"

పెట్టె అడుగున ఆర్థర్ ఆఖరి ఉత్తరం ఉంది. ఫ్లోరా దాన్ని చూడకుండానే చెప్పగలదు: 'మూటలు మోసే పిల్లోడితో కలిపి మేము ఎనిమిది మందిమి.' కూలివాడి పేరు సైన్యం లెక్కలో ఉండదు. గనిలో మాత్రం అట్లా కాదు. షిఫ్టు అయిపోయి పైకి వచ్చే ముందు మేస్త్రి తలలు లెక్కపెట్టాలి. ఒక తల తగ్గితే మేస్త్రే తిరిగి దిగాలి.

"లెక్కపెట్టి ఉంటాడు," అన్నాడు మాస్టారు. "ఏడే వచ్చింటాయి."

"పిల్లోడు పైనే యాడో ఉండొచ్చు గదా సార్?" అన్నాడు సెల్విన్.

"ఉండొచ్చు. కానీ గనోడు తప్పిపోయినవాడిని పైన వెతకడు. కిందే వెతుకుతాడు."

మాస్టారు నోటుబుక్కు తీసి, మూడో తప్పు కొట్టేసి, దాని కింద కొత్తగా ఒకటి రాశాడు: పోస్టులో ఉన్నది ఎనిమిది మంది.

మంగళవారం మధ్యాహ్నం శిల్పి అడుగున ఉన్న చోటులో ఆర్థర్ పేరు చెక్కాడు. ఫ్లోరా పక్కనే నిలబడి, పొడి ఊది, ఒక్కొక్క అక్షరంలో వేలు పెట్టి చూసుకుంది. పుట్టిన సంవత్సరం, చనిపోయిన సంవత్సరం. చనిపోయాడని ఆయన గురించి ఎక్కడైనా రాయడం అదే మొదలు.

బుధవారం ఐదూ నలభైకి ఆమె బూట్లు ఎత్తింది. మంచు రావలసిన రోజు. బూట్లు పొడిగా ఉన్నాయి. లోపల చెయ్యి పెట్టి చూసింది. తోలు గోరువెచ్చగా ఉంది. గోడ మీది నుంచి సొన్నమ్మ గిన్నె చాపింది, కాసేపు ఆగి వెనక్కి తీసుకుంది.

"బరువు దించుకున్నాడులే అమ్మా," అంది. "అలిసిపోయింటాడు."

ఫ్లోరా గుడ్డను ఉతికి ఆరేసింది. ఆనాటి తేదీ కింద ఏమీ రాయలేదు.

శుక్రవారం పది గంటలకు రాయి మీది తెర తీశారు. మాటినీకి ఊరంతా సినిమాకు వెళ్లింది. సెల్విన్ సీను నాలుగు సెకన్లే. హాల్లో ఎవరూ నవ్వలేదు. నాగేశ్ కింద పడిన పేలాలు ఏరుకుంటూ తల వంచుకున్నాడు. ఆ రాత్రి చాలా ఏళ్ల తర్వాత ఫ్లోరా అలారం పెట్టకుండా పడుకుంది.

ఆదివారం సెల్విన్ ఇంటికి రాలేదు. పదకొండు గంటలకు ప్రిన్సీ ఫోను చేసింది.

"ఆయనకు కాళ్ల నొప్పులు అత్తా. బుధవారం నుంచి డ్యూటీకి పోలేదు. జ్వరం లేదు. ఊరికే ఎండలో నడిచొచ్చినోడి మాదిరి ఉండాడు."

"ఫ్యాక్టరీకి వేసుకుపోయే బూట్లు యాడ పెట్టినాడు?" అని అడిగింది ఫ్లోరా.

అవతల గది తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినిపించింది.

"తలుపు పక్కనే అత్తా. నేనే తుడుస్తా ఉండా. బుధవారం మంచు. గురువారం రాళ్లు. మొన్న ఆకులు, నిన్న గడ్డి. ఈ పొద్దు మళ్లీ ఆకులు. క్యాలెండర్లో రాసి పెట్టినాను." ప్రిన్సీ గొంతు తగ్గించింది. "నిద్రలో లెక్కపెడతా ఉంటాడు అత్తా. ఏడు దాకా వస్తాడు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు."