మొగ్గ కింద మూడాకులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వదిన అంటూ ఉంటుంది. ఆవిడ మా ఆయనకు అక్క. అడవి మొక్కల విత్తనాలు కాపాడే ఈ తోటకు పెద్ద దిక్కు. మడుల పని నాది, నీళ్ల పని మా ఆయనది.

కంటి ఆపరేషన్‌కు వెళ్తూ ఆవిడ ఒక్కటే చెప్పింది. "ఆ చివరి మడిలో మొక్కను కళ్లలో పెట్టుకుని చూసుకో." అది బెండ, మందారం కుటుంబానిది. అది పెరిగే ఏటిగట్టు మీద ఇప్పుడు కాంక్రీటు తప్ప ఏమీ లేదు. వదిన దాచిన పాత గింజల్లో ఒక్కటంటే ఒక్కటే మొలిచింది, మొగ్గ కూడా ఒక్కటే వేసింది. ఆ మొగ్గ పూసి గింజ కడితే సరే. లేదంటే ఆ జాతి కథ ఇంతే సంగతులు.

చిక్కంతా దాని దాయాదులతోనే. పిలవని పేరంటంలా అదే మడిలో మొలిచిన కలుపు మొక్కలకూ అదే ఎత్తు, అదే రంపపు అంచు ఆకు, అదే నూగు. తేడా మొగ్గను వెనక్కి తిప్పితే గానీ తెలియదు. మొగ్గను పట్టుకునే పచ్చ గిన్నె కింద మరో మూడు చిట్టి ఆకులుంటాయి. ఒక రకం కలుపుకు అవి అసలే ఉండవు. ఇంకో రకానికి ఉంటాయి గానీ దారప్పోగుల్లా విడివిడిగా ఉంటాయి. వదిన మొక్కకు మాత్రం వెడల్పుగా, అడుగున అతుక్కుని ఉంటాయి.

సాయంత్రం వదిన వస్తుంది కదా అని ఉదయమే మడి దగ్గర కూర్చున్నాను. వదిన గుచ్చిన గుర్తు కర్ర ఉన్న మొక్కకు చెంబుడు నీళ్లు పోసి, మిగతావన్నీ పీకి దారి మీద గుట్ట వేశాను. అంతలో మా ఆయన బకెట్ పట్టుకుని వచ్చారు.

"చూశావా, గుర్తు కర్రలన్నీ ఎలా మెరుస్తున్నాయో! నిన్న అన్నీ పీకి తోమేశాను."

ఆయనకు శుభ్రం పిచ్చి. సబ్బును కూడా కడిగి గానీ వాడరు.

"పీకారా? అన్నీనా?"

"అన్నీ. ఈ బకెట్లోనే..."

"ఓరి నాయనో! కొంప ముంచారండీ!"

కర్రలన్నీ కలగాపులగం అయ్యాయనీ, అసలు మొక్క గుట్టలో వాడిపోతోందనీ అనుకున్నాను. అయితే నా ముందు దర్జాగా నిలబడ్డది కలుపన్నమాట. ఒళ్లు మండిపోయింది. "నీకా నేను నీళ్లు పోసింది!" అంటూ దాన్ని వేళ్లతో సహా లాగి గుట్ట మీదికి విసిరాను.

"ఆగవే, నా మాట..."

"మాటలు తర్వాత! ముందు వెతకండి!"

గుట్టంతా తిరగేశాను. ఒక్కో మొగ్గను తిప్పి చూస్తున్నాను. మూడాకులు లేవు, పక్కకు. దారప్పోగులు, పక్కకు. ఎండ ముదురుతోంది. చేతిలో ఆకులు మెత్తబడిపోతున్నాయి. వదినకు ఏం చెప్పను? ఏడుపొచ్చేసింది.

చివరికి దొరికింది. వెడల్పాటి మూడాకులు, అడుగున అతుక్కుని ఉన్నాయి. "దేవుడా!" అనుకుని వేరు చూశాను. తక్కిన మొక్కల వేళ్లకు పొడిమట్టి. దీనికి మాత్రం తడిమట్టి, పొద్దున నేను పోసిన నీళ్ల తడి.

మా ఆయన నెమ్మదిగా అన్నారు. "ఒక్కో కర్రా తీసి, ఈ బకెట్లో కడిగి, మళ్లీ అదే కన్నంలో గుచ్చాకే ఇంకోటి తీశాను. చెప్పనిస్తేగా."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? దాన్ని మళ్లీ నాటాను. ఆయన పైన గొడుగు కట్టారు. సాయంత్రానికి తల వేలాడేసింది.

వదిన ఒక కంటికి కట్టుతో, రెండో కన్ను మసకతో నేరుగా మడి దగ్గరికే వచ్చింది. వేలితో మొగ్గ కింద తడిమింది.

"ఇదే. ఇలా వాలిపోయిందేం?"

"కర్ర కదిపింది నేనే అక్కా," అన్నారు మా ఆయన గబుక్కున.

"కాదు వదినా. నేనే పీకాను. మొగ్గ తిప్పి చూడలేదు, ఈయన మాటా వినలేదు. కోపంలో పీకేశాను." ఏడ్చేశాను.

ఆవిడ వాలిన ఆకుల్ని ఒక్కొక్కటే తడిమి చూసింది. తిట్టినా బాగుండేది.

"ఒరేయ్, కత్తెర తీసుకురా," అంది. ఆయన తెచ్చారు, కడిగే తెచ్చారు. ఆవిడ దాన్ని నా చేతిలో పెట్టింది.

"వేరు నీళ్లు తాగలేకపోతోంది, ఇన్ని ఆకుల్ని ఎక్కడ పోషిస్తుంది? మొగ్గనూ దాని కింద మూడాకుల్నీ వదిలేసి, తక్కినవన్నీ కోసెయ్. నాకు కనబడదు, నువ్వే కొయ్యాలి."

"నా చెయ్యి వణుకుతోంది వదినా."

"వణకనీ. పొద్దున వణికుంటే ఇంతదాకా వచ్చేదే కాదు."

మా ఆయన కాడ కదలకుండా పట్టుకున్నారు. నేను మొగ్గను వెనక్కి తిప్పి, మూడాకులూ ఉన్నాయని మళ్లీ చూసుకుని, మొదటి ఆకు కోశాను.