మైసూరు కత్తి

చౌడమ్మ జ్యోతుల పండుగ రేపనగా గోవిందప్ప గడప ముందర కూర్చుని కత్తి నూరుతున్నాడు. తాడిపత్రి బండల లారీ ఎప్పుడో పారేసిపోయిన నల్లబండ ముక్క మీద అది కీచుమంటోంది గానీ పదునెక్కడం లేదు.

అది కోసేందుకు చేసిన కత్తి కాదు. అన్న కదిరప్ప మైసూరు దసరా ఎగ్జిబిషన్లో కొన్నది, గోడకు తగిలించుకునే రకం. పిడికి ఎర్రగాజు రాళ్లు, ఒళ్లంతా అద్దంలాంటి తెల్లపూత. తాతల నాటి అసలు కత్తి ఇప్పుడు ధర్మవరంలో, కదిరప్ప పట్టుచీరల అంగట్లో, అద్దాల పెట్టెలో ఉంది.

"బెంగళూరు సేట్లు వస్తాంటారప్పా. మా వంశం కత్తి అని చూపిస్తే బేరం నిలబడతాది. పండగకు దీన్ని పెట్టుకో. చూసేకి దానికంటే ఇదే బాగుండాది" అని చేతికిచ్చి పోయాడు. గోవిందప్ప నేసే మగ్గమూ, దాని మీది పట్టూ జరీ అన్నవే. నోరు తెరిస్తే మగ్గం ఆగుతుంది.

గోవిందప్పకు మిగిలిందల్లా ఒక్క మర్యాద. ఊళ్లో అమ్మవారి జ్యోతి ఊరేగింపుకు కదిలే ముందు మొదటి దెబ్బ వాళ్ల ఇంటివాడిది. చొక్కా లేకుండా నిలబడి, "అందుకో తల్లీ" అంటూ కత్తితో రొమ్ము మీద వేసుకోవాలి. నెత్తురు కనిపిస్తే అమ్మ అందుకున్నట్టు. లేదంటే ఆ ఇంటిని వదిలేసినట్టే. మర్యాద ఇంకో గడపకు పోతుంది. పాత కత్తి వెంట్రుకంత సన్నంగా గీసేది. నాయన రొమ్మున పసుపు అద్దుకుని మరునాడే మగ్గం గుంటలోకి దిగేవాడు.

భార్య నాగలక్ష్మమ్మ బిందె మీద మూత పెట్టి బయటికి వచ్చింది. "బోరింగు కాడ పగలంతా పడిగాపులు కాసి నేను తెస్తాంటే, నువ్వు కత్తికి పోస్తాండావా?"

"మొగం కడిగిన నీళ్లేలే."

"పోయి మీయన్నను అడగరాదా? ఒక్క దినానికి ఇచ్చేకి ఏమంట?"

"ఇయ్యడు."

"అడిగినావా?"

గోవిందప్ప కత్తిని రెండోవైపు తిప్పాడు.

పొద్దుగూకే వేళకు పూత పొలుసులుగా లేచిపోయింది. కింద మసిరంగు ఇనుము, రేకులాంటిది. అంచు తేరినట్టే తేరి, వేలు ఆనిస్తే పక్కకు ఒరిగిపోతోంది. ఇంకా నూరితే రంపం పళ్లు లేచాయి. గీయదు, చీలుస్తుంది. ఎట్లయితేనేం, నెత్తురు వస్తుంది కదా అనుకున్నాడు. పిడి రాళ్లు కనిపించకుండా పసుపు గుడ్డ చుట్టాడు.

మరునాడు గుడి ముందర కులపెద్ద ఆదెప్ప ఆ కత్తిని కళ్లకద్దుకున్నాడు. "పాత ఇనుము పాత ఇనుమేరా" అన్నాడు. కదిరప్ప సిల్కు జుబ్బాతో ముందు వరసలో చేతులు జోడించి ఉన్నాడు.

మొదటి దెబ్బకు చర్మం కమిలిందంతే. డప్పులు వాయించేవాళ్ల చేతులు నెమ్మదించాయి. ఆదెప్ప తల పక్కకు తిప్పుకున్నాడు. గోవిందప్ప రెండో దెబ్బ వేసి, కత్తిని అలాగే రొమ్ముకు అదిమి లాగాడు. పళ్లు కండను పట్టి చీల్చుకుంటూ పోయాయి. నెత్తురు పంచె దాకా కారింది.

"అందుకున్యాది తల్లి" అన్నారు జనం. జ్యోతి కదిలింది.

గాయం మాత్రం మూసుకోలేదు. పసుపుకు లొంగక చీము పట్టింది. మగ్గం గుంటలో ముందుకు వంగితే ప్రాణం పోయినట్టయ్యేది. నెల తిరిగినా సగం నేసిన చీర సగంగానే ఉంది.

అప్పుడు కదిరప్ప వచ్చాడు. చూసిపోయేందుకేమోనని నాగలక్ష్మమ్మ చాప వేసింది. అతను మూలనున్న కత్తిని తీసి, గుడ్డ విప్పి, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏమప్పా, తళుకంతా గీకి పారేసినావే. ఎంత మంచి వస్తువు."

గోవిందప్ప రొమ్ము మీది గుడ్డ సర్దుకున్నాడు.

"మగ్గం పక్కవీధి నల్లప్పకు అప్పజెప్తా. వాని చేతనన్నా చీర పూర్తయితాది. ఇంగ నీ రొమ్ము పనికి రాదులే, వచ్చే ఏడు మొదటి దెబ్బ మావోడు ఏసుకుంటాడు. ఆదెప్పతో మాట్లాడినా."

"ఏ కత్తితో?" అంది నాగలక్ష్మమ్మ.

"పిల్లోడు గదమ్మా, తట్టుకోవల్ల. అసలుదే తెస్తా."

అతను ఇంకా కూర్చోలేదు. నాగలక్ష్మమ్మ చాప చుట్టి మూలన నిలబెట్టింది.