బయటికన్నా లోపల పెద్దది

జగదల్‌పూర్‌లోని ఎర్ర ఇటుకల చర్చి ఆ సాయంత్రం బయటికన్నా లోపల జానెడు పెద్దదిగా తేలింది. రాజ్యశ్రీ మెట్ల మీద కూర్చుని లెక్క మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. లోపలి పొడవు ఎక్కువ, బయటి పొడవు తక్కువ. నడుమ గోడలకు చోటే లేదు.

రాయ్‌పూర్‌లో ఆర్కిటెక్చర్ చదివే పిల్ల ఆమె. పేరున్న కట్టడం ఒకటి ఎంచుకుని, కొలిచి, సోమవారానికి ప్లాను గీసి చూపాలి. లోపలికీ బయటికీ లెక్క కలవని ప్లానును మాస్టారు చూడనైనా చూడరు. ఆ సబ్జెక్టు పోయినట్టే. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని రాజ్యశ్రీ ఈ ఒక్కదానికి మాత్రం లేచి నిలబడి, "చర్చి నేను చేస్తానండీ" అంది. కిరండూల్‌లోని ఇంటికి వెళ్తూ జగదల్‌పూర్‌లో దిగిన ప్రతిసారీ దూరం నుంచి చూసి, దగ్గరికి పోవడానికి జంకిన ఎరుపు అది.

రేపు ఆదివారం, ఆరాధన. కొలుచుకోవడానికిచ్చిన అనుమతి ఈ పొద్దు వాలేదాకానే. మళ్ళీ మొదటినుంచి కొలవడానికి వెలుగు చాలదు.

"గోడల్లేని చర్చి గీసినవా ఏందే?" అంది రీనా, కాగితంలోకి తొంగి చూసి. భోపాల్‌పట్నం పిల్ల, ఆమె జంట. ఇద్దరికీ కలిపి ఒకటే ప్లాను.

"నవ్వకే. సోమవారం ఏం చూపిస్తాం?"

"టేపు జారిందేమో."

"జారలేదు. ఒకటి దగ్గరే పట్టుకున్నాను."

వాళ్ళ కాలేజీ టేపుకు మొదటి మీటరు ఏనాడో తెగిపోయింది. అందుకని పిల్లలందరూ ఒకటో మీటరు గీతను గోడ అంచున ఆనించి కొలుస్తారు. వచ్చిన అంకెలోంచి ఒకటి తీసేస్తారు. సీనియర్ల నుంచి జూనియర్లకు దిగివచ్చిన అలవాటది.

చర్చి ఊడ్చి శుభ్రం చేసే గంగారత్నం బెంచీలు తుడిచి బయటికి వస్తూ, ఆ హిందీ ఊళ్ళో వాళ్ళ తెలుగు విని ఆగింది. రేపటి పూలకోసం గిన్నెల్లో నీళ్ళు పోస్తూ అడిగింది: "ఏందిర బిడ్డా, మొకాలు గట్ల పెట్టిన్రు?"

"మీ చర్చి బయట చిన్నగ, లోపల పెద్దగ వచ్చిందవ్వా" అంది రీనా.

"అట్లనే ఉండాలె. పండుగనాడు వచ్చి సూడు, ఊరంత పడుతది."

రీనా పకపకా నవ్వింది. రాజ్యశ్రీకి నవ్వు రాలేదు. కన్నీళ్ళు కంటి అంచుదాకా వచ్చి నిలిచాయి. అయినా లేచింది. "ఈ తలుపొకటి మళ్ళీ కొలుద్దాం. ఇది తప్పయితే అన్నీ తప్పే."

ఒక అంచున తాను ఒకటో గీతను ఆనించి పట్టుకుంది. రెండో అంచున రీనా టేపు బిగించి, హిందీలో అంకె చెప్పింది. రాజ్యశ్రీ పెన్సిలు ఎత్తబోయి ఆగిపోయింది. తలుపు ఎంతో వెడల్పు కాదు. రీనా బొటనవేలి కింద ఉన్న అంకె ఇక్కడికే కనబడుతోంది. చెప్పిన అంకె అది కాదు.

"టేపు మీద వేరే ఉంది కదే."

"ఒకటి తీసేసి చెప్పిన."

"నేనూ తీస్తున్నానే."

పొద్దున్నుంచి ఎక్కడెలా కొలిచారో ఇద్దరూ గుర్తుచేసుకున్నారు. పొద్దున లోపల ఎవరో మోకరించి ప్రార్థిస్తున్నారని రీనా నోరు మెదపలేదు. టేపును గోటితో నొక్కి పట్టి, మునివేళ్ళ మీద వచ్చి చూపింది. అక్కడ రాజ్యశ్రీ ఒక్కతే ఒకటి తీసింది. బయట, అంత దూరం నుంచి అరిచేటప్పుడు, నేస్తానికి పని తగ్గుతుందని రీనా ముందే తీసేసి చెప్పింది. రాజ్యశ్రీ మళ్ళీ తీసింది.

"ఒక్కమాట అడగొద్దానే?" అంది రీనా.

"అంత దూరం అరవాలి కదా. రోడ్డు మీద అందరూ చూస్తారు."

"చూస్తే ఏంది, అరిగిపోతవా?"

మళ్ళీ కొలవనక్కరలేదు. బయటి అంకెలన్నిటికీ తలా ఒక మీటరు తిరిగి ఇచ్చేస్తే చాలు. రాజ్యశ్రీ చకచకా దిద్దింది. స్కేలు ఆనించి కొత్త గీతలు లాగింది. ఒక్కొక్క గోడా వెనక్కి జరిగి, నిండుగా నిలబడింది. నాలుగో గీత వచ్చి మొదటి గీతను తాకింది.

"కలిసిందా?" అంది రీనా.

"కలిసింది."

"గట్టిగ చెప్పు."

"కలిసిందే రీనా!" ఆ మాట చర్చి ఆవరణ దాటి రోడ్డు మీదికి పోయింది. సైకిలు మీద పోతున్న ఒకాయన తల తిప్పి చూసి, తన దారిన తాను పోయాడు.

గంగారత్నం తలుపు వేయబోతోంది. "అవ్వా, ఒక్క నిమిషం" అంటూ రాజ్యశ్రీ చెప్పులు విడిచి లోపలికి నడిచింది. టేపు లేదు, పెన్సిలు లేదు. చివరి బెంచీ మీద కూర్చుని, పొద్దున్నుంచీ కొలిచిన చర్చిని అప్పుడు మొదటిసారి చూసింది.