సూది జ్వరం

జమ్మలమడుగులో గురునాథం అయ్యవారి సంగతి ఎరగనివాళ్లు లేరు. ఆయన మాట పడిపోకూడదు. నల్లబల్ల మీద లెక్క తప్పిందని చెప్పిన పిల్లవాడి ముఖం వారం రోజులు చూసేవాడు కాదు. చెడ్డవాడేమీ కాదు, పాపం. తాను అన్నది అన్నట్టు జరగాలని మరీ ఆశపడే మనిషి, అంతే. అలాంటివాళ్లకు లోకం చాలాసార్లు దండం పెట్టి, ఒకే ఒక్కసారి చెంప వాయిస్తుంది.

యాభై ఏడో సంవత్సరం బడులు తెరిచిన నెలలో ఫ్లూ జ్వరం వచ్చిపడింది. ఇంటికి ఇద్దరు చొప్పున పడకేశారు. ఆ రోజుల్లోనే ప్రొద్దుటూరు బస్సులో మందుపెట్టె ఒకటి దిగింది. హెల్తు ఆఫీసులో పనిచేసే నబీ రసూల్ దాన్ని ఐసుగడ్డల మధ్య పెట్టుకుని పసిబిడ్డలా మోసుకొచ్చాడు. మందు కొంచెమే ఉంది కాబట్టి ముందు పంతుళ్లకు, వాళ్ల వీధివాళ్లకు అన్నారు.

గురునాథం ఉండే వీధిలో పది ఇళ్లు. అందరూ బ్రాహ్మలే, పంతుళ్లు, గుమాస్తాలు, పూజారులు. సూదంటే అసలే భయం. దానికి తోడు ఆ మందును కోడిగుడ్లలో పెంచుతారని ఎవరో చెవిన వేశారు. భయానికి మడి తోడైతే ఇక చెప్పేదేముంది.

బడి వరండాలో రసూల్ పంతుళ్లను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. "చెయ్యి వాస్తాది, నొస్తాది. కొందరికి ఒళ్లునొప్పులు, రవ్వంత జ్వరం. ఒకటి రెండు దినాల్లో అదే పోతాది. అంతకు మించినా, దగ్గొచ్చినా, ఆయాసమొచ్చినా నాకు చెప్పల్ల. ఇంకో మాట. సూది పట్టేదానికి పదైదు దినాలు కావల్ల. అంతలోపల జబ్బు తగిలితే తగలొచ్చు."

గురునాథం వీధికి వచ్చి ఇంటింటికీ ఇదే చెప్పాడు. చివరి పదైదు దినాల మాట మాత్రం మింగేశాడు. బెదిరినవాళ్లను ఇంకా బెదరగొట్టడమెందుకని ఆయన ఉద్దేశం. పైగా "జ్వరమొస్తే సూది పట్టినట్టే" అని తన ముక్క ఒకటి అతికించాడు. పూజారి శ్రీపతి అంతా విని, "సరేలే అప్పా, ముందు నువ్వూ నీ పెండ్లామూ వేయించుకోండి. ఆ పిల్ల ఎట్లుంటాదో చూసి వచ్చే సోమవారం మేమంతా వస్తాం" అన్నాడు.

అలా పది ఇళ్ల ధైర్యం ఆయన భార్య వైదేహి భుజానికెక్కింది. పులివెందుల పిల్ల, ఇరవై రెండేళ్లు. మొగుడి తర్వాత తనకు సూది వేస్తుంటే కళ్లు గట్టిగా మూసుకుని "అయిపోయిందా?" అని మూడుసార్లు అడిగింది. ఆ రోజు చెయ్యి వాచి, రవ్వంత జ్వరం వచ్చింది. మూడోనాటికి వాపూ నొప్పీ జ్వరమూ పోయాయి. బిందె చంకనెత్తుకుని వీధిలో తిరిగింది కూడా. గురునాథం ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

శుక్రవారం పొద్దున ఆమె లేవలేదు. నుదురు పట్టి చూస్తే కాలిపోతోంది.

"సూది జ్వరమేలే" అన్నాడు.

"అది మొన్ననే పోయింది కదండీ."

"కొందరికి ఆలస్యంగా వస్తాది."

ఆ మాట ఎవరూ చెప్పగా వినలేదు ఆయన. సోమవారానికి మూడు రోజులుంది. ఈ జ్వరం సంగతి తల్లి జయలక్ష్మమ్మకు తెలిసిందా, గంటలో పది ఇళ్లకూ పాకుతుంది. ఇక ఒక్కరూ చెయ్యి చాపరు. అందుకని ఒక ఉపాయం పన్నాడు. అలాంటి ఉపాయం ఆ వీధివాళ్లకు తప్ప ఇంకొకరికి తట్టదు.

"బయట చేరినావని అమ్మతో చెప్తా. మూడు దినాలు పెరటిగదిలో పడుకో. ఎవురూ దగ్గరికి రారు. సోమవారానికి తగ్గిపోతాది."

వైదేహి ఆయన ముఖంలోకి చూసింది. "ఇట్లాంటిదాంట్లో అబద్ధం చెప్తే పాపం కాదా అండీ?"

"పదిమంది మంచికి చెప్పేది పాపమెట్లయితాది?"

ఆమె చాప తీసుకుని పెరటిగదికి పోయింది. మొగుడి మాట నిలబెట్టాలనుకుంది, పిచ్చితల్లి.

జయలక్ష్మమ్మకు అనుమానం రాకపోలేదు. "అప్పుడే ఏందిరా? నెల గూడా కాలేదే."

"సూది వేడికి ముందొచ్చింటాది" అన్నాడు. రసూల్ చెప్పని గుణం ఒకటి ఆ సూదికి తానే అంటగట్టాడు.

ఇక ఆ గది వైపు ఎవరు పోతారు? పూటకోసారి అత్తగారు కంచం గడపలో పెట్టి లోపలికి జరిపేది. కంచం అలాగే తిరిగి వచ్చేది. గురునాథం, తల్లి కళ్లబడకుండా, దూరంగా నిలబడి "ఎట్లుంది?" అనేవాడు. "బాగానే ఉండా" అనేది వైదేహి. తినకపోతే ఒకందుకు మంచిదే, లంఖణం పరమౌషధం అన్నారు కదా అని సరిపెట్టుకునేవాడు. దగ్గు వినబడితే గదిలో దుమ్మనుకున్నాడు. వీధిలో ఎవరైనా కోడలు కనబడలేదేమని అడిగితే "దానికేమి, దూరంగా కూర్చుంది" అనేది జయలక్ష్మమ్మ. ఆ జవాబు విన్నప్పుడల్లా ఆయనకు తృప్తిగా ఉండేది. ఆ తృప్తిని తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు తల గోడకు కొట్టుకున్నాడో లెక్కలేదు.

ఆదివారం మధ్యాహ్నం బావి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే గదిలోంచి ఎగశ్వాస వినిపించింది. పరుగెత్తి పోయి చూస్తే పెదవులు నల్లబడి ఉన్నాయి. రెండు చేతులా ఎత్తుకుని బయటికి వచ్చాడు.

"ముట్టుకుంటివేందిరా!" అని తల్లి వెనక్కి జరిగింది.

జట్కాలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఊపిరితిత్తులు నిండిపోయాయన్నాడు డాక్టరు. ఎన్ని రోజులుగా జ్వరమని అడిగాడు. మూడు రోజులన్నాడు గురునాథం, నేల చూస్తూ. ముందే తెచ్చివుంటే చూసేవాళ్లమని డాక్టరు మెల్లగా అన్నాడు. సోమవారం బడి గంట కొట్టే వేళకు వైదేహి పోయింది.

శవం ఇల్లు చేరిన కాసేపటికి రసూల్ వీధికి మందుపెట్టెతో వచ్చాడు. ఒక్క తలుపు తెరుచుకోలేదు. సూది మింగేసిందని అప్పటికే తీర్పు అయిపోయింది. జయలక్ష్మమ్మ వీధిలోకి వచ్చి అతన్ని శాపనార్థాలు పెట్టింది. అతను తల వంచుకుని అన్నీ పడ్డాడు. "నా చేతితో ఏసిన సూది, అమ్మా. నేనేం చెప్పగలను" అన్నాడు. గురునాథం అరుగు మీద కూర్చుని విన్నాడు. 

ఆ వారంలోనే శ్రీపతి ఇంట్లో ఇద్దరు జ్వరంతో పడ్డారు. పదోనాడు పెన్న ఒడ్డున ధర్మోదకాలు విడిచి వీధివాళ్లంతా ఇంటి ముందు కూర్చున్నారు. దూరంగా నిలబడ్డ రసూల్, మిగిలిన సీసాలు పైవాళ్లు వెనక్కి పంపమన్నారని, ఇక తనకు ఈ పని వద్దని రాసిస్తున్నానని చెప్పాడు. అప్పుడు లేచాడు గురునాథం.

"రసూల్ తప్పేమీ లేదు. సూది జ్వరం వచ్చి పోయింది. ఇది ఊరి జ్వరం. మీరు బెదురుతారని నేనే దాచిపెట్టినా. ఆమె బయట చేరనే లేదు. నేనే అబద్ధమాడినా."

 గుమ్మంలో కూర్చున్న జయలక్ష్మమ్మ అంది. గొంతులో కోపం లేదు.

"శనివారం కంచం పెడితే, అత్తా, ఒకసారి నా నొసలు పట్టి చూస్తావా అనింది. ముట్టులో ఉండి ఇదేం కోరికే, నాలుగో దినం నీళ్లు పోసుకుని రా చూస్తా అంటిని. సరేలే అత్తా అని నవ్వింది. నా చేత ఆ మాట అనిపిస్తివి కదరా."

రసూల్ పెట్టె వెనక్కి పంపలేదు. మైల తీరిన మర్నాడు వీధివాళ్లంతా బడి వరండాలో వరసగా కూర్చున్నారు. జయలక్ష్మమ్మ అందరికంటే ముందు చెయ్యి చాపింది. ఆ మధ్యాహ్నానికి ఆమెకు చెయ్యి వాచి ఒళ్లు వెచ్చబడింది. గురునాథం చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి రసూల్‌ను పిలుచుకొచ్చాడు. ఇది సూది జ్వరమే, రేపటికి పోతుందని అతను చూసి చెప్పాడు. అతను వెళ్లాక గురునాథం మంచం పక్కన కూర్చుని తల్లి నుదుటి మీదికి చెయ్యి చాపాడు.

"తియ్యి" అందామె, గోడవైపు తిరిగి.

జ్వరం మర్నాడే పోయింది. ఆమె ఇంకా పద్నాలుగేళ్లు బతికింది. కొడుక్కు వండి పెట్టింది, మాట్లాడింది. కానీ చివరి రోజు దాకా అతని చెయ్యి తన ఒంటి మీద పడనివ్వలేదు.