పికిలిపిట్ట తాగిన నీళ్లు

నేను ఒక అట్ల మూకుడిని, మట్టిదాన్ని. ఇప్పుడు నాలో నీళ్లు పోస్తున్నారు గానీ, ఒకప్పుడు పిండి పోస్తే చుక్క అంటకుండా అట్టు లేపి ఇచ్చేదాన్ని.

కుమ్మరి నన్ను సారె మీద తిప్పి, ఆవంలో కాల్చి, సంతకు తెచ్చాడు. ఒక తల్లి వేలి కణుపుతో నన్ను తట్టి, మోగిన తీరు నచ్చి కొనుక్కుంది. అల్లుణ్ణి ఎంచుకునేటప్పుడు కూడా మనుషులు ఇంత శ్రద్ధగా తట్టి చూడరని నాకు తర్వాత తెలిసింది. ఆవిడ రోజూ నువ్వుల నూనె పట్టించి, సెగ చూపించి, నన్ను అట్లకు మచ్చిక చేసింది. కూతురు సింహాచలమ్మ కాపురానికి వెళ్లేటప్పుడు గడ్డిలో చుట్టి బండిలో పెట్టింది. ఆ గడ్డిలోంచి నాకు ఏడుపులే వినిపించాయి. ఎవరివో తెలియలేదు.

సింహాచలమ్మ చేతిలో నల్లగా నిగనిగలాడాను. తల్లి పోయినా ఆవిడ పట్టించిన నూనె నాలో ఉందని కూతురి నమ్మకం. అంచు పెచ్చు ఊడాక అటక ఎక్కించింది గానీ పారేయలేదు.

ఈ ఎండాకాలం మనవరాలు ఢిల్లేశ్వరి నన్ను దింపింది. బడిలో వసుంధర టీచరు పిట్టల పాఠం ఆరుబయట చెబుతోందట. ప్రతి పిల్లా ప్రహరీ గోడ మీద ఒక పాత్రలో నీళ్లు పెట్టాలి. వేపచెట్టు కింద కదలకుండా కూర్చుని, తన నీళ్లు తాగిన పిట్టను చూసి బొమ్మ వేయాలి. పక్కవాళ్ల పిట్టను వేస్తే ఒప్పుకోదు.

తోటి పిల్లాడు జోగారావు పెట్టిన చిప్ప దగ్గర గోరింకలు కొట్టుకున్నాయి. పగిలిన కుండ పెంకుకు కూడా పిచ్చుకలు వచ్చాయి. నా అంచు మీద ఒక పికిలిపిట్ట వాలి, ముక్కు ముంచి, తల విదిలించి ఎగిరిపోయింది. మర్నాడూ అంతే.

"నీ మూకుడు సూత్తే పిట్టలకి బయ్యమే. అట్టులాగ ఏపేత్తావని!" అన్నాడు జోగారావు. అందరూ నవ్వారు. ఢిల్లేశ్వరి కాగితం ఒక్కటే ఖాళీగా ఉంది. ఆ పిల్ల రాయెక్కి నాలోకి తొంగి చూసింది. నీళ్ల మీద నూనె పొర రంగురంగులుగా తేలుతూ కనిపించింది. అన్నాళ్లూ నేను గర్వపడ్డది దాన్ని చూసుకునే.

నన్ను ఇంటికి తెచ్చి చెప్పింది. "మామ్మా, నూని తేల్తంది. బూడిదెట్టి తోమినా పోలేదు. కాలిస్తే పోతాదంది టీచరు."

"ఓలమ్మ! అది మాయమ్మ పట్టిన నూని గుంటా. సంతలో ఇంకోటి కొందాం."

"సంత ఆదివారం గదా. రేపటితో బడి మూసెత్తారు." నన్ను మామ్మ ముందుకు జరిపి మళ్లీ అంది. "ఆ పిట్ట రోజూ ఆశగా వత్తంది మామ్మా. తాగకండా ఎల్లిపోతంది."

సింహాచలమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమిరింది. "గుమ్మంలోకొచ్చినదాన్ని దాహంతో పంపీడమేటి? మాయమ్మయితే ఒప్పునా?" అని తనే పిడకలు పేర్చి, నన్ను బోర్లించి నిప్పు పెట్టింది.

నిప్పుకంటే నాకు ఆమె ముఖం చూస్తే భయమేసింది. నువ్వుల వాసనతో పొగ లేచింది. కళ్లు మండుతున్నా ఆమె పక్కకు జరగలేదు. పొగ ఆగాకే లేచింది.

పొద్దున్నకు నేను ఆవంలోంచి వచ్చిన నాటి ఎర్రదనంతో ఉన్నాను. గోడ మీద పెట్టి ఢిల్లేశ్వరి పోసిన మొదటి చెంబెడు నీళ్లలో సగం నేనే తాగేశాను. రెండో చెంబు నిలిచింది. పికిలిపిట్ట వచ్చింది. ముంచింది. తల పైకెత్తి గుటక వేసింది. మళ్లీ ముంచింది. ఢిల్లేశ్వరి ఊపిరి బిగబట్టి నెత్తి మీది నల్ల కొప్పు, తోక కింది ఎర్ర మచ్చ గీసుకుంది. గేటు దగ్గర సింహాచలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

సెలవులకు బడికి తాళం వేశారు. అయినా ఆమె రోజూ పొద్దున్నే బిందెతో వచ్చి గోడ మీది పాత్రలన్నిటిలో నీళ్లు పోస్తుంది. నాలో మాత్రం కాస్త ఎక్కువ పోసి, "తొరగా తాగే, ఎండెక్కిపోతంది" అంటుంది.

నాతో అంటుందో, పిట్టతో అంటుందో! ఇద్దరం తాగుతాం.