తోమేసిన రాత

ఆఫీసులో తమిళం తప్ప మాట్లాడని గుమాస్తా నటరాజన్ ఆ రోజు రుక్మణిని తెలుగులో పిలిచాడు. అప్పుడే ఆమెకు కీడు తోచింది.

"రా అక్కా, కూచో."

తమిళనాట మేలూరు పక్కనున్న ఈ పంచాయతీలో పదకొండేళ్లుగా వీధులు ఊడుస్తోంది. కూచోమన్నవాడు లేడు. కుర్చీ అంచున కూచుంది. నటరాజన్ కాగితం ముందుకు తోశాడు. తమిళంలో టైపు చేసింది. ఎనిమిది దాకా చదివిన రుక్మణి కూడబలుక్కుంటూ చదివింది: వీధి జనం ఏటేటా సున్నం కొట్టి వీరగల్లు మీది రాతను నాశనం చేశారట. కింద సంతకానికి గీత.

ఆ వీరగల్లు, పోరులో పడిన వీరుడి గుర్తురాయి, ఆమె వీధి మొదట్లోనే ఉంది. కత్తి పట్టిన వీరుడు, కాళ్ల కింద ఆరు వరుసల రాత. పాతకాలపుదని పంచాయతీ పక్కన బోర్డు నాటింది, తాకితే జైలని. బోర్డుకు ఏడాదికి రెండు మార్లు రంగు. రాయివైపు చూసిన పెద్దమనిషి ఒక్కడూ లేడు. చూసుకున్నది రుక్మణి అత్త తంగమ్మాళ్. ఆషాఢంలో, ఆడి నెల రాగానే సున్నం కొట్టేది. ఆ పొరల కిందే అక్షరాలు బతికున్నాయి.

పోయిన నెల తనిఖీ అన్నారు. "రాయి తళతళలాడాల" అన్నాడు నటరాజన్, తమిళంలోనే. కక్కూసులు కడిగే ఆసిడ్, ఇనుప తీగల బ్రష్షు స్టోరులోంచి తీసి చేతికిచ్చాడు. అంతా నోటిమాట. రుక్మణి మధ్యాహ్నం దాకా తోమింది. సున్నం నురగ కక్కుతూ పోయింది. దానితోపాటు రాయి పైపొర, రాత కూడా పోయాయి. తనిఖీకొచ్చిన పురావస్తు అధికారి దేవిప్రియ నున్నటి రాయిని తడిమి, అక్షరాలేవని అడిగింది. సంజాయిషీ కావాలంది. దాని కోసమే ఇవాళ వచ్చి పక్క గదిలో కూచుంది.

"ఈ సంతకం పెట్టితే మా వీధి ఏమవుతాది సార్?"

"ఏమీ కాదక్కా. కంచె వేస్తారు. పద్నాలుగు ఇండ్లు కొంచెం జరగాల."

"ఇల్లు జరిగేదానికి కాళ్లుండాయా?"

నటరాజన్ నవ్వాడు. "పెట్టకుంటే కేసు నీమీదనే. తోమింది నువ్వే గదా? మనం మనం ఒగ భాష. నీ మంచికే చెప్తాండా."

"నిన్నటిదాకా ‘ఏయ్’ అంటివే. రాత్రికి రాత్రి చుట్టమైపోతివా?"

వాడు చెప్పింది అబద్ధమైతే బాగుండు. తోమింది తానే. సంతకం పెడితే పద్నాలుగు ఇళ్లు, పెట్టకపోతే తను. తలుపు బార్లా తెరిచే ఉంది. లేచి పోయేందుకు చోటే లేదు.

పెన్ను తీసుకుంది. టైపు చేసిందంతా అడ్డంగా కొట్టేసి కింద తమిళంలో రాసింది: "సున్నం రాతను కాపాడింది. నటరాజన్ ఆసిడ్ ఇచ్చినాడు. తోమింది నేను." సంతకం పెట్టి, నటరాజన్ చేయి చాపేలోగా పక్క గదిలోకి వెళ్లి దేవిప్రియ చేతికిచ్చింది.

దేవిప్రియ రెండుసార్లు చదివింది. వెనకే పరుగున వచ్చిన నటరాజన్ అన్నాడు. "పచ్చి అబద్ధం మేడమ్. ఆర్డరుందా అడగండి."

"ఆర్డరు కాపీ ఉందా అమ్మా?" అని దేవిప్రియ రుక్మణిని అడిగింది.

"నోటితో చెప్పినదానికి కాపీ యాడుంటాది మేడమ్?"

దేవిప్రియ కాగితాన్ని ఫైల్లో పెట్టింది. తర్వాత నెమ్మదిగా, "వీధివాళ్ల తప్పు లేదని రాస్తాను. ఇళ్ల జోలికి రారు. కానీ ఆయనమీద నాకు ఆధారం లేదు. తోమింది నువ్వేనని మాత్రం నీ చేత్తోనే రాశావు" అంది.

"రాస్తిని" అంది రుక్మణి.

బయటికొస్తుంటే నటరాజన్ వాకిట్లో ఆపాడు.

"కేసు నీమీదనే, ఐదింటికి పోలీసు స్టేషనుకు పోవాల. ఇప్పుడు ఎక్కడికి పోతాండావు? నీ వార్డు ఎవరు ఊడుస్తారు?"

రుక్మణి అతని మొహంలోకి చూసింది. చీపురు తీసుకుంది. ఐదయ్యేలోగా ఊడ్చేందుకు ఇంకా ఆరు వీధులున్నాయి.